గడువు ముంచుకొస్తోంది, టోకెన్లు మూడు చోట్ల ఉన్నాయి

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకుడు పొడవైన ఉత్తరం రాశారు. 2021లో ధరలు ఎగిసిపడుతున్న రోజుల్లో ఆయన ఒక క్రిప్టో ప్రాజెక్టు టోకెన్లు కొన్నారు. అప్పట్లో ఆ ప్రాజెక్టుకు సొంత నెట్‌వర్క్ లేదు, టోకెన్లు ఎథీరియం అనే నెట్‌వర్క్ మీద నడిచేవి. ఇప్పుడు సొంత నెట్‌వర్క్ సిద్ధమైంది. పాత టోకెన్లు 100 ఇస్తే కొత్త నాణెం 1 ఇస్తామని, వచ్చే నెలాఖరులోగా మార్చుకోవాలని ప్రాజెక్టు ప్రకటించింది. కొత్త నాణెం సొంత నెట్‌వర్క్‌లోనూ ఎథీరియం మీదా కూడా ఉంటుందట. రెండింటినీ కలుపుతూ, నాణేలను అటూ ఇటూ దాటించే ఒక బ్రిడ్జి ఉంటుంది, ఎక్కడ కావాలో ఎంచుకోండి అంటున్నారు.

ఆయన చేతిలో ఉన్నవి మొత్తం లక్ష టోకెన్లు. 40 వేలు ఒక ఎక్స్ఛేంజ్ ఖాతాలో ఉన్నాయి. 50 వేలు సొంత వాలెట్‌లో, ఎథీరియం మీద ఉన్నాయి. మిగతా 10 వేలను ఫీజు తక్కువని ఒకప్పుడు అలాంటి బ్రిడ్జి ద్వారానే బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ అనే మరో నెట్‌వర్క్‌కు పంపుకున్నారు. వాలెట్‌లోని 50 వేలలో 30 వేలు ఆయన బావగారివి. "బావగారు నన్ను నమ్మి డబ్బు చేతికిచ్చారు. ధర పదోవంతుకు పడిపోయిందని ఆయనకు తెలియదు. అడిగినప్పుడల్లా బాగానే ఉందని దాటవేస్తూ వచ్చాను" అని రాశారు.

ఈ మధ్య కంగారులో రెండు పనులు జరిగాయి. చిన్న ప్రయోగంగా బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ నుంచి 2 వేల టోకెన్లను ఎక్స్ఛేంజ్‌కు పంపారు, అవి ఖాతాలో జమ కాలేదు. తర్వాత, ప్రాజెక్టు సహాయక సిబ్బందినని చెప్పుకున్న ఒకరు సందేశంలో పంపిన సైటు తెరిచి, వాలెట్ కలిపి, ఒకచోట సంతకం బటన్ నొక్కారు, దేనిమీదో గుర్తు లేదట. ఆ వెంటనే వాలెట్‌ను తెరిచే 12 రికవరీ పదాలు అడగడంతో భయపడి మూసేశారు. ఫీజు ఏమీ పోలేదు కాబట్టి ఏమీ జరగలేదనే అనుకుంటున్నారు. ఇప్పుడు ఆయన ప్రశ్నలు మూడు: మార్చుకోవాలా, అమ్మేయాలా? 100కు 1 అంటే నష్టమా? బావగారికి ఇప్పుడే చెప్పాలా, మార్పిడి అయ్యాక చెప్పాలా?

సమాధానం

మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే ముందు, మీరు అడగనిదాని గురించి చెప్పాలి. ఆ సంతకం సంగతి.

ఫీజు పోలేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. వాలెట్‌లో పెట్టే సంతకాలు అన్నీ ఒక రకానివి కావు. కొన్ని ఉత్త లాగిన్ కోసం, వాటితో హాని ఉండదు. కొన్ని "నా టోకెన్లను ఫలానా చిరునామా వాడుకోవచ్చు" అనే అనుమతులు. ఆ అనుమతిని లావాదేవీగా ఇస్తే ఫీజు పోతుంది, నెట్‌వర్క్‌లో నమోదు అవుతుంది. కానీ కొన్ని టోకెన్లలో అదే అనుమతిని ఉత్త సంతకంతోనూ ఇవ్వవచ్చు. అప్పుడు మీకు పైసా ఖర్చు ఉండదు, ఎథీరియం లావాదేవీలు చూపించే ఎథర్‌స్కాన్ సైటులో వెతికినా ఏమీ కనిపించదు. అవతలివాడు దాన్ని దాచుకుని, తనకు వీలైనప్పుడు వాడుకుంటాడు. సైటు మూసేసినా, వాలెట్ నుంచి దాన్ని తొలగించినా ఆ అనుమతి రద్దు కాదు. మీరు దేనిమీద సంతకం చేశారో మీకే గుర్తు లేదని రాశారు గనుక చెడ్డదే అనుకుని నడుచుకోవడం మేలు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, ఎథర్‌స్కాన్‌లో మీ చిరునామాకు ఉన్న అనుమతులు చూసి, అక్కర్లేనివి రద్దు చేయడం. ఖర్చు తక్కువే. కానీ ఇంకా వాడని సంతకం అక్కడ కనిపించదని పైన చెప్పాను కదా. రెండోది, కొత్త రికవరీ పదాలతో కొత్త వాలెట్ తయారు చేసుకుని, టోకెన్లను దానికి పంపేయడం. పాత చిరునామాకు ఇచ్చిన అనుమతులు కొత్త చిరునామాకు అంటవు. ఎథీరియం మీద ఒకసారి, బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్‌లో ఒకసారి గ్యాస్ ఫీజు, అంటే నెట్‌వర్క్‌కు కట్టే లావాదేవీ ఫీజు పడుతుంది. నేనైతే రెండోదానికే మొగ్గుతాను, ఎందుకంటే అందులో 30 వేలు మీవి కావు. పంపేముందు ఒక్క విషయం చూసుకోండి. కొన్ని ప్రాజెక్టులు ఫలానా రోజున ఏ చిరునామాలో ఎన్ని ఉన్నాయో లెక్క తీసి, కొత్త నాణేలను ఆ చిరునామాలకే ఇస్తాయి. అలా లెక్క తీయడం ఇప్పటికే అయిపోయి ఉంటే పాత వాలెట్‌ను పారేయకూడదు. మీరు రాసినదాన్నిబట్టి మీ ప్రాజెక్టు కాంట్రాక్ట్ ద్వారా, అంటే నెట్‌వర్క్ మీద దానంతటదే నడిచే ప్రోగ్రామ్ ద్వారా మార్పిడి చేస్తోంది, అప్పుడు టోకెన్లు ఏ చిరునామా నుంచి వచ్చినా ఒకటే.

రికవరీ పదాలు అడిగిన క్షణాన ఆగిపోయారు, చాలా పెద్ద ప్రమాదం తప్పింది. ఏ మార్పిడికీ, ఏ ప్రాజెక్టుకూ, ఎవరికీ ఆ పదాలతో పని ఉండదు. మార్పిడి ప్రకటన వచ్చిన ప్రతిసారీ దొంగలు గుంపుగా దిగుతారు. అసలు మార్పిడే లేనప్పుడూ దిగుతారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పనితీరును మార్చుకున్నప్పుడు నాణేలున్నవాళ్లు చేయాల్సిన పని ఏమీ లేదు. అయినా ఎథీరియం నాణెమైన ఈథర్ పేరుతో "కొత్త ఈథర్‌కు మార్చుకోండి" అనే మోసాలు అప్పుడూ నడిచాయి.

ఇక గడువు. మీ ఉత్తరంలో ఆ మాట పదేపదే వచ్చింది, కానీ అది ఎవరి గడువో ఎక్కడా లేదు. వచ్చే నెలాఖరుకు మూతపడేది ఏమిటి? మార్పిడి కాంట్రాక్టా, ఎక్స్ఛేంజ్ సహకారమా, బ్రిడ్జా, లేక ప్రాజెక్టువాళ్ల సొంత వెబ్‌సైటు పేజీ మాత్రమేనా? నాలుగింటికీ వేర్వేరు తేదీలు ఉండవచ్చు, వాటి ఫలితాలూ వేరు. 2018 జూన్ మొదట్లో ఈఓఎస్ అనే ప్రాజెక్టు సొంత నెట్‌వర్క్‌కు మారినప్పుడు ఎథీరియం మీది పాత టోకెన్లు కదలకుండా స్తంభించాయి. అంతకుముందే తమ చిరునామాకు కొత్త కీ నమోదు చేసుకున్నవారికి దారి సాఫీగా సాగింది, చేసుకోనివారు వేరే కష్టమైన దారి పట్టాల్సి వచ్చింది. అది నిజంగా గట్టి గడువు. అన్ని గడువులూ అలా ఉండవు. కాంట్రాక్ట్‌లో ముగింపు తేదీయే రాయకపోతే, పేజీ మూసేసిన తర్వాత కూడా ఎథర్‌స్కాన్ నుంచి నేరుగా మార్పిడి చేసుకునే వీలు ఉంటుంది. కాబట్టి ప్రకటన పూర్తి పాఠం చదివి, గడువు దాటాక మిగిలిన కొత్త నాణేలను ఏం చేస్తారో వెతకండి. వాటిని నాశనం చేస్తామంటే ఒక లెక్క. ప్రాజెక్టు ఖజానాకు చేరుస్తామంటే మీరు మరిచిపోవడం వల్ల వాళ్లకు లాభం ఉన్నట్టే. అలాంటి ప్రకటనను నేనైతే కొంచెం అనుమానంగానే చదువుతాను.

ఇప్పుడు మూడు చోట్ల సంగతి చూద్దాం. ఒకే టోకెన్ అయినా ఉన్న చోటునుబట్టి పని మారుతుంది. పాలిగాన్ అనే ప్రాజెక్టు విషయంలో జరిగింది ఇదే. 2024 సెప్టెంబరు 4న దాని మ్యాటిక్ టోకెన్ స్థానంలో పోల్ అనే టోకెన్ వచ్చింది, 1కి 1. పాలిగాన్ సొంత నెట్‌వర్క్‌లో మ్యాటిక్ ఉంచుకున్నవారికి అది దానంతటదే పోల్‌గా మారింది. ఎథీరియం మీద ఉంచుకున్నవారు మాత్రం మార్పిడి కాంట్రాక్ట్‌కు వెళ్లి తామే మార్చుకోవాల్సి వచ్చింది. పేరు ఒకటే, ప్రాజెక్టు ఒకటే, చేయాల్సినది వేరు.

ఎక్స్ఛేంజ్‌లోని 40 వేలు మీ చేతిలో లేవు, ఎక్స్ఛేంజ్ చేతిలో ఉన్నాయి. అది "మార్పిడికి సహకరిస్తాం" అని ప్రకటించి ఉంటే కదపకుండా వదిలేయడమే సులువు. వాళ్లే మార్చి ఖాతాలో కొత్తవి వేస్తారు. కాకపోతే ఆ రోజుల్లో జమలు, ఉపసంహరణలు, కొనుగోళ్లు, అమ్మకాలు ఆపేస్తారు. అప్పుడు ధర పడినా మీరు చూస్తూ కూర్చోవాలి. ఎక్స్ఛేంజ్ ఏమీ చెప్పకుండా మౌనంగా ఉంటే, ప్రకటన వస్తుందిలే అని చివరి వారం దాకా ఆగకండి. తేదీ దగ్గరపడ్డాక ఉపసంహరణలు ఆగిపోతే 40 వేలూ అక్కడే చిక్కుకుంటాయి. ముందే మీ కొత్త వాలెట్‌కు, ఎథీరియం మీదనే తెచ్చుకోండి. లేదా అక్కడే అమ్మేయండి.

వాలెట్‌లోని 50 వేల పని సూటిగా ఉంటుంది, కానీ చేయాల్సింది మీరే. మొదట పాత టోకెన్లను వాడుకోవడానికి మార్పిడి కాంట్రాక్ట్‌కు అనుమతి ఇవ్వాలి, తర్వాత మార్పిడి చేయాలి. అంటే రెండు లావాదేవీలు. రెండింటికీ గ్యాస్ ఫీజు ఈథర్‌లోనే కట్టాలి, అంచేత వాలెట్‌లో కొంచెం ఈథర్ ఉంచుకోండి. కాంట్రాక్ట్ చిరునామాను సందేశాల్లో వచ్చిన లింకు నుంచి ఎప్పుడూ తీసుకోవద్దు. ప్రాజెక్టు అధికారిక పత్రాల్లో ఒకసారి, వాళ్లే నడిపే మరోచోట ఇంకోసారి చూసి, రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయో లేదో పోల్చండి. అనుమతి ఇచ్చేటప్పుడు వాలెట్ "అపరిమితం" అని చూపించవచ్చు, దాన్ని తీసేసి మీరు మార్చబోయే సంఖ్య మాత్రమే రాయండి. ముందు 100 టోకెన్లు మార్చి, 1 నాణెం వచ్చిందని కళ్లారా చూశాకే మిగతావి. ఇది ఒకవైపు దారో, మళ్లీ వెనక్కి మార్చుకునే వీలుందో కూడా ముందే తెలుసుకోండి. చాలాచోట్ల ఒకవైపే ఉంటుంది.

చిక్కంతా బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్‌లోనివాటితో. అక్కడ మీ దగ్గరున్నవి అసలు టోకెన్లు కావు. బ్రిడ్జి దాటించినప్పుడు అసలువి ఎథీరియం మీది కాంట్రాక్ట్‌లో బందీ అయ్యాయి, ఇవతల మీకు దక్కినది తాకట్టు రసీదు లాంటిది. అసలు సరుకు భద్రంగా ఉన్నన్నాళ్లే రసీదుకు విలువ. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2022 ఫిబ్రవరిలో వార్మ్‌హోల్ బ్రిడ్జిలో లోపం పట్టుకున్న దొంగలు వెనుక సరుకు లేకుండానే 1,20,000 ఈథర్‌లకు సమానమైన నకళ్లు సృష్టించుకున్నారు. మరుసటి నెలలో రోనిన్ బ్రిడ్జి నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది. మీ బ్రిడ్జికి ఏమీ కాకపోయినా ఇంకో ఇబ్బంది ఉంది. మార్పిడి ఎథీరియం మీదనే అంటే, ప్రయోగంలో పోయిన 2 వేలు కాక మిగిలిన మీ 8 వేలను ముందు బ్రిడ్జి ద్వారా వెనక్కి తేవాలి, తర్వాతే మార్చాలి. కొత్త నెట్‌వర్క్ వచ్చాక పాత బ్రిడ్జిని ఎవరూ పట్టించుకోరు. అది మార్పిడి గడువు కంటే ముందే మూతపడితే మీకు అసలు గడువు అదే. తేదీల్లో మొదట చూడాల్సింది దాన్నే.

ఆ 8 వేలకు వచ్చేది 80 కొత్త నాణేలు. బ్రిడ్జి ఫీజు, ఎథీరియం మీద రెండు లావాదేవీల ఫీజు కలిపి వాటి విలువను దాటితే తేవడంలో అర్థం లేదు. అక్కడే ఎవరైనా కొంటే, ధర కొంత తక్కువైనా అమ్మవచ్చు. కానీ గడువు దగ్గరపడే కొద్దీ కొనేవాళ్లు తగ్గిపోతారు, ఇవాళ దొరికే ధర పది రోజుల తర్వాత దొరకకపోవచ్చు. ఏమీ చేయకుండా వదిలేయడం మూడో దారి. కాగితం మీద లెక్క వేసి వదిలేస్తే ఫరవాలేదు, కంగారులో మరిచిపోతేనే బాధ.

మీ 2 వేల సంగతి. చిరునామాలు రెండు నెట్‌వర్క్‌లలోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి లావాదేవీ జరిగింది, టోకెన్లు ఎక్స్ఛేంజ్ చిరునామాకే చేరాయి, కాకపోతే వాళ్లు చూడని నెట్‌వర్క్‌లో. ఇదే పని మీ సొంత వాలెట్ చిరునామాకు చేసి ఉంటే, వాలెట్‌లో ఆ నెట్‌వర్క్‌ను చేర్చుకోగానే కనిపించేవి. ఇక్కడ ఆ చిరునామాను తెరిచే కీ ఎక్స్ఛేంజ్ చేతిలో ఉంది, తిరిగి ఇవ్వగలిగితే వాళ్లే ఇవ్వాలి. లావాదేవీ సంఖ్య, నెట్‌వర్క్ పేరు, పంపిన చిరునామా రాసి వాళ్ల సహాయ విభాగానికి పంపండి. కొందరు రుసుము తీసుకుని ఇస్తారు, కొందరు చేయలేమంటారు. మధ్యలో "మీ నాణేలు మేం తెప్పిస్తాం" అంటూ వచ్చేవాళ్లెవరికీ జవాబు ఇవ్వకండి. ఎక్స్ఛేంజ్ తప్ప ఇంకెవరూ వాటిని కదపలేరు.

కొత్త నాణేలను ఏ నెట్‌వర్క్‌లో తీసుకోవాలన్నది ప్రాజెక్టు మీకు వదిలేసింది. సొంత నెట్‌వర్క్‌లో తీసుకుంటే మీ చేతికి వచ్చేది అసలు నాణెం, మధ్యలో బ్రిడ్జి ప్రమాదం ఉండదు. అక్కడ ఫీజు కూడా ఆ నాణెంలోనే కట్టవచ్చు. కానీ నెట్‌వర్క్ పసిది. దానికి పనికొచ్చే వాలెట్లు, దాన్ని గుర్తించే ఎక్స్ఛేంజ్‌లు మొదట్లో తక్కువ ఉంటాయి, అమ్మాలన్నా అమ్మలేకపోవచ్చు. ఎథీరియం మీద తీసుకుంటే అలవాటైన దారి, అమ్మడం తేలిక. అయితే అది మళ్లీ బ్రిడ్జి వెనుక దాచినదానికి ప్రతిరూపమే. ఏడాదిలోపు అమ్మే ఉద్దేశం ఉంటే ఎథీరియం, పట్టుకుని ఉండదలిస్తే సొంత నెట్‌వర్క్ అనేది నా లెక్క. మీ పరిస్థితి వేరుగా ఉంటే అది మారుతుంది. ఏది ఎంచుకున్నా, ఒక పక్క బందీగా ఉన్న నాణేల సంఖ్య రెండో పక్క సృష్టించిన నాణేల సంఖ్యకు సరిపోతోందో లేదో చూపించే పేజీ ప్రాజెక్టు దగ్గర ఉందేమో అడగండి. జంట నెట్‌వర్క్‌లు నడిపేవాళ్లు ఆ లెక్కను బహిరంగంగా పెట్టకపోతే అది మంచి సూచన కాదు. ఇంకోమాట. కొత్త నెట్‌వర్క్‌లో ఎక్స్ఛేంజ్‌కు పంపేటప్పుడు చిరునామాతోపాటు ఒక గుర్తింపు సంఖ్య అడగవచ్చు. అది వదిలేస్తే మీ 2 వేల కథ మళ్లీ మొదలవుతుంది.

100కు 1 అన్నది నష్టం కాదు, లాభం కూడా కాదు. 2020లో లెండ్ (LEND) అనే టోకెన్లు 100 ఇస్తే ఆవే (AAVE) అనే కొత్త టోకెన్ 1 ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 21న పోల్కాడాట్ ప్రాజెక్టు దీన్ని తిరగేసి, తన నాణెమైన డాట్‌లో పాత 1ని కొత్త 100గా లెక్కకట్టింది. రెండు చోట్లా ఎవరి వాటా వాళ్లకే ఉంది, మారింది లెక్కపెట్టే కొలత మాత్రమే. అంచేత మార్పిడి అయిన రోజు తెర మీద ధర వంద రెట్లు కనిపిస్తే సంబరపడకండి. చూడాల్సింది మొత్తం సంఖ్య. పాత టోకెన్లు మొత్తం 1,000 కోట్లు ఉన్నాయనుకుందాం. అప్పుడు కొత్తవి 10 కోట్లే ఉండాలి. ప్రణాళికలో 15 కోట్లు అని ఉంటే, మిగిలిన 5 కోట్లు ఎవరికో కొత్తగా పుట్టాయి. పాతవాళ్లందరి వాటా కలిపి మూడింట రెండు వంతులకు పడిపోయినట్టే. అసలు నష్టం దాక్కునేది ఇక్కడ. ప్రణాళికలో మొత్తం సంఖ్యే కనిపించకపోతే నేను అమ్మకం వైపు మొగ్గుతాను. సంఖ్య సరిగ్గా ఉండి, ప్రాజెక్టు మీద మీకింకా నమ్మకం ఉంటే మార్చుకోవడంలో తప్పులేదు. "ఈ టోకెన్లు నా దగ్గర లేకపోతే ఇవాళ్టి ధరకు కొత్తగా కొంటానా" అని ప్రశ్నించుకుంటే మీ జవాబు మీకు దొరకవచ్చు. సగం అమ్మి సగం మార్చుకునేవాళ్లూ ఉన్నారు, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఇక బావగారు. ఈ ఉత్తరంలో మీకు నిద్ర పట్టనివ్వనిది టోకెన్లు కావని నాకు అనిపించింది.

మార్పిడి అయ్యాక చెబుదామన్న ఆలోచన ఎందుకు వచ్చిందో అర్థమవుతోంది. పని పూర్తయిందని చూపిస్తూ చెడు కబురు చెబితే కాస్త తేలికగా ఉంటుందనుకుంటున్నారు. కానీ ఆయన వైపు నుంచి చూడండి. తన 30 వేలు ఉన్నాయనుకుంటున్న మనిషికి హఠాత్తుగా 300 అనే సంఖ్య కనిపిస్తుంది, దానితోపాటే విలువ పదోవంతు అని తెలుస్తుంది. మార్పిడి వల్లే పోయిందని, మీరు అడగకుండా చేసినందువల్లే పోయిందని ఆయన అనుకుంటే తప్పుపట్టలేం. మార్కెట్ మోసుకెళ్లిన నష్టం మీ చేతి మీదుగా జరిగినట్టు కనిపిస్తుంది. పైగా మార్చాలా, అమ్మాలా అన్నది ఆయన డబ్బు విషయంలో ఆయన నిర్ణయం. గడువు దాటాక చెబితే ఆ అవకాశం ఆయనకు ఉండదు.

ఇప్పుడే చెబితే కోపగించుకుంటారు. ఇన్నాళ్లూ బాగానే ఉందని ఎందుకన్నావని నిలదీస్తారు. కొన్ని రోజులు మాటలు తగ్గవచ్చు, అక్కగారు మధ్యలో నలగవచ్చు. అదంతా నిజమే. కానీ ఆయన ముందు మూడు దారులు పెట్టగలుగుతారు. తన వాటా అమ్మించి డబ్బు తీసుకోవడం ఒకటి. మీతోపాటు మార్పించి, 300 నాణేలను మీ దగ్గరే ఉంచడం ఇంకొకటి. సొంత వాలెట్ తెరిచి పాత టోకెన్లు తనకే పంపించుకుని, తర్వాతి పని తానే చూసుకోవడం మూడోది. మూడోదానిలో లెక్క పూర్తిగా తేలుతుంది, కానీ అలవాటు లేని మనిషి గడువు ఒత్తిడిలో రికవరీ పదాలు కాపాడుకోవాలి. మీరు పక్కన కూర్చుని చేయించగలిగితేనే అది సూచించండి. రెండోది ఎంచుకుంటే ఆయన వాటాను మీ వాటాతో కలపకుండా వేరే చిరునామాలో పెట్టండి. అప్పుడు ఎవరివి ఎన్నో ఎప్పుడైనా చూపించగలుగుతారు.

ఫోనులో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. కొన్న తేదీ, కొన్న ధర, ఇవాళ్టి ధర ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. "బావగారూ, ధర పడిపోయినప్పుడే మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు నెలాఖరులోగా ఒక నిర్ణయం తీసుకోవాలి, అది మీదే" అంటే చాలు. ఆ సంతకం గురించి కూడా దాచకండి, ఆయన టోకెన్లు ఉన్న వాలెట్ అదే కదా. మీ జేబులోంచి నష్టం పూడుస్తానని అక్కడికక్కడే మాట ఇవ్వకండి. పూడ్చాలనిపిస్తే ఇంట్లో మాట్లాడుకుని, మీ స్తోమత చూసుకుని తర్వాత చెప్పవచ్చు. అప్పుడిచ్చిన మాట నిలబడుతుంది.

వరుస ఇలా పెట్టుకోండి. ఇవాళే కొత్త వాలెట్ తెరిచి 50 వేలూ, 8 వేలూ దానిలోకి పంపండి. రేపు బ్రిడ్జి తేదీ, ఎక్స్ఛేంజ్ ప్రకటన చూసి, 2 వేల గురించి సహాయ విభాగానికి రాయండి. ఈ వారాంతంలోగా బావగారిని కలవండి. ఆయన ఏది ఎంచుకున్నా మార్పిడి లేదా అమ్మకం జరిగిన రోజు, అప్పటి ధర, ఫీజు, లావాదేవీ సంఖ్య ఇద్దరి పేరిటా విడివిడిగా రాసి ఉంచండి. మార్పిడిని కూడా అమ్మకంగా లెక్కకట్టే పన్ను చట్టాలు కొన్నిచోట్ల ఉన్నాయి, కాబట్టి పన్ను నిపుణుడిని కలిసే రోజున ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.